మూడు మేకలు, ఒక తాబేలు



వేసవి సెలవుల్లో పిల్లలను వెంటబెట్టుకుని బహదూర్‌పురాలోని నెహ్రూ జంతు ప్రదర్శనశాలకు వెళ్లడం ఉప్పల్, నాచారం ప్రాంతాల కుటుంబాలకు ఎప్పటినుంచో ఉన్న అలవాటు. కట్టుకెళ్లిన పులిహోర ఏ చెట్టుకిందో తిని, పులినీ ఏనుగునూ చూశాక, పిల్లలు తప్పక ఆగే చోటు ఒకటి అక్కడ ఉండేది. బండరాయిలా కదలక మెదలక పడివుండే ఒక పెద్ద తాబేలు ఆవరణ అది. ఆ తాబేలు పేరు చాణక్య. 1963లో నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ నుంచి దాన్ని జూకు తెచ్చారు. తాత చూసిన తాబేలునే మనుమడూ చూశాడు. 2024 మార్చిలో కొన్ని రోజులపాటు మేత ముట్టక అది చనిపోయింది. దాని వయసు 125 సంవత్సరాలని జూ అధికారులు తెలియజేశారు.

పత్రికలు ఆ వయసు గురించే ఎక్కువగా రాశాయి. వింతే మరి. కాని మనం ఆలోచించవలసిన సంగతి ఇంకొకటి ఉంది. చాణక్య మన నేలకు చెందిన జీవి కాదు. దాని జాతి పుట్టిల్లు పసిఫిక్ మహాసముద్రంలో, దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ తీరానికి సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న గలాపగోస్ దీవులు. ఇక్కడ దానికి వేళకు మేత ఉంది, ఎండకు నీడ ఉంది, జబ్బు చేస్తే వైద్యుడు ఉన్నాడు. జూవారిని తప్పుపట్టవలసినదేమీ లేదు. అయినా ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఒక ప్రాణిని దాని చోటునుంచి ఎత్తుకొచ్చాక, కడుపునిండా తిండి పెట్టినంత మాత్రాన మనుషుల బాకీ తీరిపోతుందా? తీరకపోతే ఆ బాకీ ఎలా తీర్చాలి? తీర్చబోతే మరొక ప్రాణి బలి అయ్యేటట్లుంటే అప్పుడేమి చెయ్యాలి?

ఈ ప్రశ్నలు గాలిలో పుట్టినవి కావు. ఆ దీవుల్లో నిజంగానే ఎదురైనవి. కాబట్టి ముందు ఆ దీవుల కథ కొంత తెలుసుకుందాం.

వాటి సంగతి మొదట రాసిపెట్టినది ఒక కతోలిక మేత్రాణులే. 1535లో పనామా మేత్రాణులు, దొమినికన్ సభకు చెందిన తోమాస్ దె బెర్లాంగా వారు స్పెయిన్ చక్రవర్తి ఆజ్ఞపై పెరూకు ఓడలో వెళుతున్నారు. గాలి పడిపోయింది. సముద్ర ప్రవాహం ఓడను ఎటో లాక్కుపోయింది. మార్చి 10న ఈ దీవులు కనిపించాయి. దిగి చూస్తే తాగడానికి చుక్కనీరు లేదు. దాహానికి తాళలేక వారు జెముడు మట్టలు నమిలి రసం మింగారు. శ్రమల ఆదివారంనాడు ఒడ్డునే దివ్యబలిపూజ జరిగింది. ఆ తర్వాత వెదకబోయినవారికి రాళ్ల మధ్య ఒక లోయలో నీరు దొరికింది. చక్రవర్తికి రాసిన జాబులో ఆయన రెండు విషయాలు ప్రత్యేకంగా చెప్పారు. మనిషిని మోయగలిగినంత పెద్ద తాబేళ్లు అక్కడ ఉన్నాయి. మనిషిని చూస్తే పారిపోవాలని కూడా తెలియని పక్షులు ఉన్నాయి. పాత స్పానిష్ భాషలో 'గలాపగో' అంటే తాబేలు. దీవులకు చివరికి ఆ పేరే స్థిరపడింది.

పారిపోవడం తెలియకపోవడమే ఆ జీవుల కొంప ముంచింది. తర్వాతి కాలంలో సముద్రపు దొంగలు వచ్చారు, తిమింగలాలను వేటాడే ఓడలు వచ్చాయి. ఈ తాబేలు తిండీ నీరూ లేకుండా ఏడాదిపాటు బతకగలదు. ఓడ అడుగున పేర్చుకుంటే నెలల తరబడి తాజా మాంసం. ఆ విధంగా లక్ష నుంచి రెండు లక్షల తాబేళ్లు ఓడలకెక్కాయని అంచనా. 1835లో అక్కడికి వచ్చిన డార్విన్ కూడా ఆ మాంసం తిన్నవాడే.

మనిషి తీసుకుపోయినది ఒక ఎత్తు, తెచ్చి వదిలినది ఒక ఎత్తు. పింటా అనే చిన్న దీవిలో 1959లో కొందరు జాలరులు మూడు మేకలను వదిలారు. ఒక పోతు, రెండు ఆడ మేకలు. వారిలో ఏ దురుద్దేశమూ లేదు. మళ్లీ ఇటు వచ్చినప్పుడు కూరకు పనికొస్తాయి అనుకున్నారు, అంతే. మనం పెరట్లో నాలుగు కోళ్లను పెంచుకోమా? కాని అక్కడ తోడేలు లేదు, పులి లేదు, కాపరి లేడు. పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ మూడింటి సంతతి నలభై వేల దాకా పెరిగిందని లెక్కగట్టారు. దీవిలో పచ్చదనం హరించుకుపోయింది. ఆ దీవి తాబేళ్లను ఓడలవాళ్లు అప్పటికే చాలావరకు ఊడ్చుకుపోయారు. మిగిలిన కాస్త ఆశనూ మేకలు మేసేశాయి.

1971లో ఆ దీవిలో ఒకే ఒక్క మగ తాబేలు కనిపించింది. మరుసటి ఏడు దాన్ని పరిశోధన కేంద్రానికి తీసుకువెళ్లారు. 'ఒంటరి జార్జి' అని పేరు పెట్టారు. దానికి జత కోసం నలభై ఏళ్లు వెదికారు. దొరకలేదు. 2012 జూన్ 24న జార్జి చనిపోయింది. ఆ రోజుతో ఒక జాతి సమాప్తమైంది.

మరికొన్ని దీవుల్లోనూ మేకలు ఇదే పని చేశాయి. ఇసబెలా దీవిలో ఒక కొండ ఉంది. ఆ కొండమీది చెట్లు పొగమంచును పట్టి బొట్లు బొట్లుగా నేలకు రాల్చేవి. ఆ నీరే చిన్న మడుగులై ఎండాకాలంలో తాబేళ్ల దాహం తీర్చేది. మేకలు చెట్లను తిన్నాయి. మంచును పట్టేవి లేకపోయేసరికి మడుగులు ఎండిపోయాయి. చివరికి ఈక్వడార్ జాతీయ ఉద్యానవనం వారు, శాస్త్రవేత్తలు ఒక నిర్ణయానికి వచ్చారు. 1997లో మొదలైన ఆ పథకం 2006 నాటికి ముగిసింది. ఇసబెలా ఉత్తర భాగంలోను, శాంతియాగో దీవిలోను ఉన్న అడవి మేకలను నేలమీదినుంచీ హెలికాప్టర్లనుంచీ తుపాకులతో కాల్చి తుదముట్టించారు. చచ్చిన మేకలు లక్షా నలభై వేలకు పైమాటే.

ఇందులో ఒక సంగతి మనలాంటివారికి ముల్లులా గుచ్చుకుంటుంది. మందలు పలచబడ్డాక మిగిలిన మేకలు గుహల్లో, లోయల్లో దాక్కున్నాయి. వాటిని పట్టడానికి వేటగాళ్లు కొన్ని మేకలను ప్రాణాలతో పట్టి, మెడకు రేడియో పట్టీ కట్టి వదిలారు. మేక ఒంటరిగా ఉండలేదు. తోడును వెదుక్కుంటూ పోతుంది. అది వెళ్లి మందలో కలవగానే రేడియో సంకేతాన్ని పట్టుకుని మనుషులు వచ్చి, ఆ ఒక్కదాన్ని వదిలి తక్కినవాటిని కాల్చేవారు. అది మళ్లీ తోడు కోసం బయలుదేరేది. వీటికి వారు పెట్టిన పేరు 'యూదా మేకలు', యూదా ఇస్కారియోతు పేరుమీద. ఆ పేరు అన్యాయమని నాకనిపిస్తుంది. యూదా తెలిసి పట్టిచ్చాడు, ముప్పది వెండి నాణెములు పుచ్చుకున్నాడు. మేకకు ఏమీ తెలియదు. తన వాళ్ల దగ్గరికి పోవాలన్న దాని సహజమైన కోరికనే మనిషి వలగా మార్చాడు.

ఇప్పుడు చెప్పండి, ఇది న్యాయమేనా?

మొదటి ఆక్షేపణ అందరికీ తోచేదే. "తాబేలుది ప్రాణమైతే మేకది ప్రాణం కాదా? ఒక జీవిని బతికించడానికి వంద జీవులను చంపడమేమి ధర్మం?" తలలు లెక్కపెడితే ఈ మాటకు జవాబు లేదు. కాని తలల లెక్క ఒక్కటే చాలదు. మేకలు ఈ భూమిమీద కోట్ల సంఖ్యలో ఉన్నాయి. ఒక మేక చనిపోతే మేకజాతి పోదు. పింటా తాబేలు ఆ ఒక్క దీవిలోనే ఉండేది. జార్జితోపాటు సృష్టికర్త చేసిన ఒక రూపమే లోకంలోంచి చెరిగిపోయింది. ఎంత డబ్బు పోసినా, ఎంత చదువు చదివినా దాన్ని తిరిగి తేలేము. ప్రతి జీవికీ మనకు పనికొచ్చినా రాకపోయినా దేవుని ఎదుట తనదైన విలువ ఉందని ఫ్రాన్సిస్ పోపుగారు 2015లో వెలువరించిన 'లౌదాతో సీ' విశ్వలేఖలో నేర్పారు. ఆ విలువ మేకకూ ఉందన్న సంగతి మరచిపోకూడదు. తాబేలు జాతి గొప్పది కాబట్టి మేక పడిన బాధ చిన్నదైపోదు. రెండు మాటలూ నిజమే. ఈ ప్రశ్న కష్టమైనది అందువల్లనే.

రెండవ ఆక్షేపణ: "చంపకుండా వేరే దారి లేదా? ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా?" పట్టి తరలించవచ్చు కదా అంటారు. గట్టిపడిన లావా రాళ్లతో నిండి, నీటిచుక్క దొరకని కొండల్లో లక్షకు పైగా అడవి మేకలను పట్టి ఓడలకెక్కించడం అయ్యే పని కాదు. సగం పట్టి సగం వదిలితే? మూడు మేకలు నలభై వేలైన పింటా కథే దానికి జవాబు. ఇక అలాగే వదిలేయడం మరొక దారి. కాని ఊరుకోవడం కూడా ఒక పని చేయడమే. ఊరుకుంటే తాబేళ్లు మేతలేక పోతాయి, నేల బోడిదయ్యాక మేకలూ ఆకలితో మాడిపోతాయి. తుపాకీ శబ్దం వినిపించదు కాబట్టి అది దయ అనిపిస్తుంది, అంతే.

మూడవ ఆక్షేపణ మన బీదవారి నోట వచ్చేది. "మనుషులకే గతిలేనప్పుడు తాబేళ్ల గోల ఏమిటి?" ఇదీ అక్కడ జరిగిందే. సముద్ర దోసకాయలనే జీవుల వేటపై ఆంక్షలు పెట్టినందుకు 1995లో మత్స్యకారులు పరిశోధన కేంద్రాన్ని ముట్టడించారు. తాబేళ్లను చంపుతామని బెదిరించారు. నోరులేని జీవిని బందీగా పట్టి బెదిరించడం తప్పే. కాని పొద్దున లేస్తే పొయ్యి వెలగవలసినవాడి గోడు వినకుండా, పరాయి దేశపు వారు వచ్చి తాబేలును కాపాడు అంటే వాడి చెవికెక్కుతుందా? మేకలను తొలగించిన దీవుల్లో కొన్నిచోట్ల తర్వాత ఎవరో కావాలనే మళ్లీ మేకలను వదిలిన ఉదంతాలున్నాయి. పొరుగువానికి న్యాయం చేయకుండా జంతువుకు చేసిన మేలు నిలవదని దీనివల్ల తెలుస్తోంది. ఆ రెండూ ఒకదానికొకటి శత్రువులు కావు. ఒకే బండికి రెండు చక్రాలు.

ఇన్నీ తూచి చూస్తే, ఆ మేకలను చంపడం తప్పనిసరి అయిన పని అనే నేననుకుంటాను. కాని అది విజయోత్సవం చేసుకోవలసిన పని కాదు. వేరే దారులన్నీ వెదికి చూశాకనే చేయాలి. బాధ వీలైనంత తక్కువగా ఉండాలి. పని సగంలో ఆపి, చచ్చినవి ఊరికే చచ్చినట్లు చేయకూడదు. అన్నిటినీ మించి, ఆ తప్పు మళ్లీ జరగకుండా కాపలా ఉండాలి.

జ్ఞానోపదేశంలో మనమందరం చిన్నప్పుడు నేర్చుకున్న పాఠం ఒకటుంది. దొంగిలించినవాడు పాపసంకీర్తనం చేస్తే చాలదు, తీసుకున్న సొత్తు తిరిగి ఇవ్వాలి. జక్కయ్య నాలుగింతలు ఇస్తానన్నాడు. ఆ ఇచ్చేది తన సొంత సొత్తులోంచి ఇస్తానన్నాడు. గలాపగోస్‌లో అలా జరగలేదు. తప్పు చేసింది మనిషి, చెల్లించింది మేక. తనను ఆ దీవికి తెమ్మని మేక ఎవరినీ అడగలేదు. మన పరిహారం ఇంకొకరి మెడమీద పడిన సందర్భం ఇది. ఈ కథలో మనం గుర్తుపెట్టుకోవలసిన అసలు మాట ఇదేనని నా అభిప్రాయం.

తిరిగి ఇవ్వడం సాధ్యమైన చోట ఎంత మేలు జరుగుతుందో కూడా ఆ దీవులే చూపాయి. ఎస్పన్యోలా దీవి తాబేళ్లు ఒకప్పుడు పద్నాలుగే మిగిలాయి. పన్నెండు ఆడవి, రెండు మగవి. వాటన్నిటినీ పరిశోధన కేంద్రానికి చేర్చారు. అమెరికాలోని శాన్ డియేగో జూలో అదే జాతి మగ తాబేలు ఒకటి ఉందని తెలిసి, 1970ల్లో దాన్నీ తెప్పించారు. దాని పేరు డియేగో. ఈలోగా 1978 నాటికి ఆ దీవిలో మేకలు లేకుండా చేశారు. పిల్లలను పెంచి విడతలు విడతలుగా దీవికి పంపారు. రెండు వేలదాకా తాబేళ్లు అక్కడ నిలదొక్కుకున్నాక, 2020 జూన్‌లో ముసలి డియేగోను కూడా సొంత దీవిలో దించారు. ఇల్లు బాగు చేశారు కాబట్టి ఇంటికి పంపగలిగారు. మేకలుండగా పంపివుంటే అది చావుకు పంపినట్లే.

మన చాణక్యకు ఆ భాగ్యం కలగలేదు. ఒక్కొక్క దీవికి ఒక్కొక్క రకం తాబేలు. దశాబ్దాల తరబడి బోనులో బతికినదాన్ని ఏదో ఒక దీవిలో వదిలేస్తే అక్కడి జాతి కలగాపులగం కావచ్చు, ఇక్కడి జబ్బులు అక్కడికి పాకవచ్చు. ఒకసారి చెదిరిన గూడు మళ్లీ కుదరడం అంత సులభం కాదు.

సాధ్యమైన చోట తిరిగి ఇచ్చే పని మన ఊళ్లోనూ జరిగింది. ఉప్పల్‌నుంచి తార్నాక వైపు వెళ్లేటప్పుడు హబ్సిగూడ దగ్గర మీరు రోజూ చూసే సి.సి.ఎం.బి. పరిశోధన సంస్థకు, అంతరించిపోతున్న జంతువుల రక్షణకోసం అత్తాపూర్‌లో ఒక ప్రయోగశాల ఉంది. ఆ శాస్త్రవేత్తలు, నెహ్రూ జూవారు కలిసి మూషిక జింకలను పెంచారు. కుందేలంత ఉండే చిన్న జింక అది. అలా పెరిగినవాటిని 2017లో నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో వదలడం మొదలుపెట్టారు. మన అడవి జంతువు మన అడవికే వెళ్లింది. తిరిగి ఇవ్వడమంటే అది.

ఇక మన ఇళ్ల సంగతి. గలాపగోస్ ఎక్కడ, నాచారం ఎక్కడ అనుకోకండి. అక్కడ జరిగిన రెండు తప్పులూ, చోటునుంచి తీయడం, చోటుకానిచోట వదలడం, మన వీధుల్లోనూ జరుగుతున్నాయి.

తాబేలు ఇంట్లో ఉంటే కలిసొస్తుందని ఎవరో చెబితే నక్షత్ర తాబేలును కొనేవారున్నారు. వీపుమీద పసుపుపచ్చని చుక్కల గీతలతో ముచ్చటగా ఉండే ఈ జీవి చిత్తూరు, అనంతపురం వైపు మెట్ట పొదల్లో బతుకుతుంది. దొంగచాటుగా పట్టి, సంచుల్లో కుక్కి నగరాలకు, విదేశాలకు తరలిస్తారు. దారిలో ఎన్నో చస్తాయి. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్ని కూడా నిషేధించారు. ప్రాణిని పొదలోంచి పెరికి మన మేజా కింద పెట్టుకుంటే వచ్చేది అదృష్టమా, దాని ఉసురా?

రెండో తప్పు మరింత మామూలుగా జరుగుతుంది. చెవి దగ్గర ఎర్ర గీత ఉండే చిన్న నీటి తాబేలు పిల్లలను రంగుచేపల దుకాణాల్లో అమ్ముతారు. అవి అమెరికా జాతివి. కొన్నప్పుడు రూపాయి బిళ్లంత ఉంటాయి. కొన్నేళ్లకు పళ్లెమంత అవుతాయి, నీళ్లు కంపుకొడతాయి. అప్పుడు ఇంట్లో గొడవ. "పాపం, చంపడమెందుకు, చెరువులో వదిలేద్దాం" అని తండ్రి అంటాడు. దయతో అన్న మాటే. కాని ఆ తాబేలు చెరువులో చేపపిల్లలనూ మొక్కలనూ తింటుంది, మన నాటు తాబేళ్ల మేతకూ చోటుకూ పోటీ వస్తుంది. పింటా జాలరులది కూడా ఇలాంటి మంచి ఉద్దేశమే.

సాక్ష్యం కావాలంటే ఉప్పల్ నల్లచెరువు గట్టుమీదో, నాచారం చెరువు గట్టుమీదో నిలబడి చూడండి. నీళ్లను కమ్ముకునే గుర్రపుడెక్క మన మొక్క కాదు. అదీ దక్షిణ అమెరికాదే. ఊదారంగు పూలు బాగున్నాయని ముచ్చటపడి ఎవరో మన దేశానికి తెచ్చుకున్నారు. ఇప్పుడు యంత్రాలతో తీసినా మళ్లీ అల్లుకుంటుంది. దోమలు మాత్రం చెరువు పక్కన గుడిసెల్లో ఉండేవారిని కుడతాయి. మొక్కను తెచ్చినవారిని కాదు. ఇక్కడా తప్పు ఒకరిది, చెల్లింపు మరొకరిది.

కాబట్టి తల్లిదండ్రులకు నా మనవి. పిల్లవాడు దుకాణంలో తాబేలు కావాలని మారాం చేస్తే కొనకండి. ఎందుకు కొనడంలేదో నెమ్మదిగా చెప్పండి. ఇప్పటికే ఇంట్లో ఉంటే చెరువులో వదలకండి. నక్షత్ర తాబేలయితే అటవీశాఖవారికి అప్పగించండి. ఎర్రగీత తాబేలయితే దాని ఆయుష్షున్నంతకాలం బాగా చూసుకోండి, లేదా ఏం చేయాలో అటవీశాఖవారినే అడగండి. అమ్మేవాడు మీకు తెలిసినవాడే కావచ్చు, పొట్టకూటికే అమ్ముతుండవచ్చు. అతణ్ణి తిట్టి లాభం లేదు. కొనేవారు లేకపోతే పట్టేవారూ ఉండరు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. గలాపగోస్‌లో మనిషి అడుసు తొక్కాడు. కాలు కడుక్కోవడానికి కోట్ల రూపాయలు, పదేళ్ల కాలం, లక్షా నలభై వేల ప్రాణాలు కావలసి వచ్చాయి. అంత కడిగినా జార్జి జాతి తిరిగి రాలేదు. మన చెరువు గట్టుమీద, మన ఇంటి గుమ్మంలో ఆ అడుసులో ఇంకా కాలు పెట్టనివారు ఎందరో ఉన్నారు. వారిలో ఎక్కువమంది పిల్లలు. వారికి ఈ మాట ముందుగా చెప్పవలసిన బాధ్యత మనది.